ఒళ్లు దులపని పొట్టేలు

నేను మాట దాచుకునే మనిషిని కాదు, అందుకే ముందే చెబుతున్నాను. ఆ శుక్రవారం పొద్దున దర్గా గుట్టకు బయలుదేరేటప్పటికే నేను ఒక నిర్ణయానికి వచ్చేశాను. దర్గాలో ఉన్న సైదులుకు మొక్కు చెల్లించి, కందూరు చేసి, వచ్చిన చుట్టాలకు కడుపునిండా పెట్టి, అటునుంచి అటే మా తమ్ముడు ఐలేశం ఆటోలో పానగల్‌లోని పుట్టింటికి వెళ్లిపోతాను. మళ్లీ మా అత్తగారింటి గడప తొక్కను. బట్టల సంచి కూడా ఆటో సీటు వెనక పెట్టేశాను.

ఎందుకంటే ఆ ఇంట్లో నేను బతికినా చచ్చినా ఒకటేనని నాకు తెలిసిపోయింది. వినాయక చవితి వెళ్లిన వారం నాకు డెంగీ వచ్చింది. నల్లగొండ దవాఖానలో తొమ్మిది రోజులు పడి ఉన్నాను. ఆరో రోజు డాక్టరు మా ఆయన గుర్వయ్యను పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. ఆయన వచ్చి నా మంచం పక్కన నిలబడి, ఇంటి దగ్గర గొర్లకు నీళ్లెవరు పెడుతున్నారో చెప్పి బయటికి పోయాడు. మా కొడుకు ఎల్లేష్ ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. కోడలు స్వర్ణ మూలన కూర్చొని పొద్దంతా కునికింది. ఇక మా అత్త నర్సింగమ్మ ఒక్కసారి కూడా నా ముఖం చూడటానికి రాలేదు. ఊళ్లో నాతో మాటల్లేని వాళ్లు సైతం బత్తాయిలు పట్టుకొని వచ్చారు. ఆమె మాత్రం రాలేదు.

ఇంట్లో నా కోసం దేవుణ్ని అడిగేవాళ్లు లేరని తెలిశాక నేనే అడుక్కున్నాను. సైదులూ, నన్ను లేపి నిలబెట్టు, మా నల్లమొకం పొట్టేలును నీ గుట్టకు తోలుకొస్తాను అని మొక్కాను. సైదులు విన్నాడు.

మేము కురుమలం. మా ఇంటి దేవుడు బీరప్ప. అయినా మా వైపు ఏ ఇంట్లో చూసినా ఒక సైదులో ఒక సైదమ్మో ఉంటారు, చనిపోయిన మా మామ పేరు కూడా సైదులే. పిల్లలు పుట్టకపోయినా, పుట్టినవాళ్లు నిలవకపోయినా, చివరికి బర్రె పాలివ్వకుండా తన్నినా నకిరేకల్ దాటి ఆ గుట్ట ఎక్కడం మాకు తాతల నాటి అలవాటు. బొట్టు పెట్టుకొనే పోతాం. కొబ్బరికాయ కొడతాం, ఊదు వేస్తాం, ఆకుపచ్చ గుడ్డ కప్పుతాం, యాటను కోసి అక్కడే వండి నలుగురికి పెడతాం. దాన్నే కందూరు అంటాం.

క్రిస్మస్ ముందు శుక్రవారం కందూరు అని నేను ఇంట్లో చెప్పగానే అందరి ముఖాలూ మాడిపోయాయి. మా ఆయన, గది ముదురుది, కూర ఉడకది, వేరేదాన్ని తీస్కపోదాం అన్నాడు. ఎల్లేష్, ఇంకో రెండు నెలలు ఆగుదామమ్మా అన్నాడు. స్వర్ణ, అత్తమ్మా, నాటుకోళ్లు మంచిగుంటయ్ గదా అంది. మా అత్తయితే ఏకంగా, దాన్ని ముట్టకు, నా మాట ఇని జర ఆగు అని అడ్డం కూర్చుంది. నా ప్రాణం కంటే వీళ్లకు ఒక పొట్టేలు ఎక్కువైందన్నమాట. ఆ మాట అందరి ముఖం మీదే అన్నాను. నా నోటికి భయపడి ఎవరూ బదులు చెప్పలేదు. పానగల్ పోవాలని అనుకున్నది ఆ రోజే.

గుట్ట మీద దర్గా చూసుకునేది మదార్ సాబ్. అరవై దాటిన మనిషి, తెల్ల గడ్డం, తలకు ఆకుపచ్చ రుమాలు. పొట్టేలును కోసేది కూడా ఆయనే. అయితే కోసే ముందు ఒక పద్ధతి ఉంది. దాని నెత్తినా వీపునా నీళ్లు పోయాలి. అది ఒళ్లు దులపాలి. దులిపితే దేవుడు ఒప్పుకున్నట్టు, దులపకపోతే కత్తి పెట్టకూడదు. నిజానికి ఇది మా బీరప్ప దగ్గరి పద్ధతి, దర్గాది కాదు. మదార్ సాబ్ తాత కాలంలో, అది దులపనిదే కత్తి పెట్టనివ్వం అని మా వాళ్లు పట్టుబట్టారట. బిస్మిల్లా అననిదే నేను కత్తి పెట్టను అని ఆ తాత పట్టుబట్టాడట. చివరికి రెండూ ఉండనీ అనుకున్నారు. ఇప్పుడు మూడో తరానికి వచ్చేసరికి మేమైనా చూసీచూడనట్టు పోనిస్తామేమో గానీ మదార్ సాబ్ పోనివ్వడు. తోక ఊపితే లెక్కలోకి రాదంటాడు. మెడ నుంచి తోక దాకా దులపాల్సిందే.

మదార్ సాబ్ ఊదు పొగ చూపించి, పొట్టేలు మెడలో బంతిపూల దండ వేసి, నన్ను నీళ్లు పోయమన్నాడు. చెంబుతో పోశాను. పొట్టేలు కళ్లు ఆర్పింది. ఇంకో చెంబు పోశాను. అది దండలోంచి ఒక పువ్వు తెంపుకొని నమిలింది. పుష్యమాసం దగ్గర పడ్డ చలి, బావి నీళ్లు, నా వేళ్లే కొంకర్లు పోతున్నాయి. దానికి మాత్రం చలి లేదు.

వచ్చిన నలభై మంది చుట్టాలూ చుట్టూ మూగి తలా ఒక ఉపాయం చెప్పారు. చెవుల ఊదుండ్రి అన్నారు, ఊదాం. తూర్పు మొకం తిప్పుండ్రి అన్నారు, తిప్పాం. నీళ్లల్ల పసుపు కలపాలె అన్నారు, కలిపి పోశాం. పొట్టేలు పచ్చగా, పెళ్లికొడుకులా నిలబడి మా అందరినీ చూసింది. వంట చేయడానికి వచ్చిన భిక్షపతి బగారన్నం దించి, గరిట పట్టుకొని వచ్చాడు.

"మసాలా మాడుతాంది సోమక్కా. ముక్క ఎప్పుడేస్తరు?"

"దాన్నడుగు" అన్నాను.

గంట గడిచింది. మదార్ సాబ్ కత్తిని గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, పొట్టేలు ముందు గొంతుకూర్చున్నాడు.

"నలభై ఏండ్ల సంది చేస్తున్న, నాకు గిట్ల రెండుసార్లైంది సోమక్కా. రెండుసార్లు గూడ కారణం ఒక్కటే. దీన్ని మీ ఇంట్ల ఇంకెవరో ఇంకో దేవునికి మొక్కిన్రు. ఒక్క ప్లాటును ఇద్దరికి అమ్మినట్టు. గది తేలకుంట గిది దులపది."

"నా పొట్టేలును నన్నడగక ఎవరు మొక్కుతరు సాబ్? తల్లి సస్తే సీసాతోని పాలు పట్టి సాదిన నేను."

"మొక్కినోళ్లుంటే దాని వీపు మీద చెయ్యేసి చెప్పుండ్రి" అన్నాడాయన అందరివైపూ చూసి. "ఎవరికి మొక్కిన్రు, ఎందుకు మొక్కిన్రు. రెండు చెప్పాలె."

స్వర్ణ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ముందుకు వచ్చింది.

"తిట్టొద్దు అత్తమ్మా."

"తిట్టేదేదో తర్వాత తిడత. ముందు చెప్పు."

"యేసయ్యకు మొక్కిన. క్రిస్మస్ నాడు చిట్యాల ప్రార్థనల అందరికి విందు పెడతమని."

స్వర్ణ పుట్టింటి వాళ్లు చిట్యాలలో ఆదివారాలు ప్రార్థనకు పోతారు. ఆ పిల్ల కూడా పోతుంది, వచ్చి మా బీరప్పకు దీపం కూడా పెడుతుంది. నేనెప్పుడూ కాదనలేదు.

"ఎందుకు మొక్కినవ్ బిడ్డా?" అని అడిగాడు మదార్ సాబ్.

"అత్తమ్మ లేవాలని. దవాఖానల మూలకు కూసోని కండ్లు మూసుకొని రోజు గదే అడిగిన."

తొమ్మిది రోజులూ ఆ పిల్ల కునుకుతోందని అనుకున్నాను. ఒకసారి పైకి తిట్టాను కూడా. చెంబు ముంచి నీళ్లు పోశాను. పొట్టేలు దులపలేదు.

అప్పుడు ఎల్లేష్ వచ్చాడు.

"నేను మేడారం సమ్మక్కకు మొక్కినమ్మా. ఫిబ్రవరిల జాతరున్నది గదా, అందుకే రెండు నెలలు ఆగుమన్న."

"నువ్వెందుకు మొక్కినవ్‌రా?"

"నీ రక్తం రిపోర్టులు ఫోన్‌ల వచ్చేటియి. ప్లేట్‌లెట్లు ఇరవై వేలన్నరు, పదహారన్నరు. పన్నెండుకు వచ్చినాడు మొక్కిన." వాడు ముక్కు తుడుచుకున్నాడు.

ఇంకో చెంబు. పొట్టేలు దులపలేదు. చుట్టాలందరూ మా ఆయన వైపు తిరిగారు. ఆయన గుట్ట కింద ఏదో బర్రె తప్పిపోయినట్టు అటే చూస్తున్నాడు.

"నేనేం మొక్కలే" అన్నాడు, ఎవరూ అడగకముందే.

"గా మాట వీపు మీద చెయ్యేసి చెప్పు గుర్వయ్యా" అన్నాడు మదార్ సాబ్.

మా ఆయన చెయ్యి వేశాడు. "బీరప్పకు."

"ఎందుకు?"

"ఇంటి కోసం."

"ఇంటికేమైంది?"

"ఇంట్ల మనిషి కోసం."

"ఏ మనిషి? పేరు లేని మొక్కు చెల్లది."

పెళ్లయి ముప్పై రెండేళ్లు. ఆ మనిషి నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. ఏమే అంటాడు, లేదంటే ఎల్లేష్ వాళ్లమ్మ అంటాడు. అలాంటిది నలభై మంది ముందు, పొట్టేలు వీపు మీద చెయ్యి వేసి, "సోమమ్మ కోసం" అని గొణిగాడు.

"జర గట్టిగ. దానికి ఇనబడాలె గదా" అన్నాడు మదార్ సాబ్. ఆయన కళ్లలో నవ్వు నాకు కనబడుతూనే ఉంది.

"మా సోమమ్మ కోసం" అని అరిచాడు మా ఆయన. ఆడవాళ్లు మూతులకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. యాభై ఏళ్ల వయసులో నాకు సిగ్గు వచ్చింది. ఇలా చెప్పుకోవడానికి కూడా సిగ్గుగానే ఉంది.

మదార్ సాబ్ అందరినీ కూర్చోబెట్టి తీర్పు చెప్పాడు. "బీరప్పకు ఒక గొర్రెపిల్లను ఇయ్యిండ్రి, సమ్మక్కకు ఒక పిల్లను ఇయ్యిండ్రి. యేసయ్య మాకు గూడ నబీనే, దేవుడు పంపిన ప్రవక్తే, ఆయనతోని పంచాయితి లేదు, క్రిస్మస్‌కు ఇంకో యాట పెట్టుండ్రి. ఒప్పుకుంటున్నరా?" అందరం ఒప్పుకున్నాం. ఆయన కళ్లు మూసుకొని అందరి దేవుళ్లకూ పేరుపేరునా ఆ మాట అప్పజెప్పి, ఇప్పుడు నీళ్లు పొయ్యి అన్నాడు. కడవెడు పోశాను. పొట్టేలు కాలు మార్చి నిలబడింది, అంతే.

ఇక మిగిలింది ఒక్కరే. యాపచెట్టు కింద చాప మీద కూర్చొని వక్క నములుతున్న మా అత్త వైపు అందరూ తిరిగారు.

"నన్ను జూస్తరేంది? నేనేం మొక్కలే. గామె కోసం నేనెందుకు మొక్కుత?"

ఆ మాట నాకు గుండెలో గుచ్చుకుంది. అప్పటిదాకా కొడుకు మాటకూ కోడలి మాటకూ కొంచెం కరిగానేమో, మళ్లీ గట్టిపడ్డాను. అందరికీ వినపడేలా చెప్పాను.

"ఇన్నరు గదా. తొమ్మిది రోజులు నేను సావు మీదుంటే మొకం జూడనీకి రాలే గీమె. ఇప్పుడే చెప్తున్న, గీ పని కాంగనే నేను పానగల్ పోతున్న. మళ్ల రాను. సంచి గూడ సదురుకున్న."

మా ఆయన నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. మా అత్త వక్క ఉమ్మేసి, మోకాళ్లు పట్టుకొని లేచి, మెల్లగా నడిచి వచ్చి పొట్టేలు మీద రెండు చేతులూ వేసింది.

"మైసమ్మకు మొక్కిన" అంది.

"ఎందుకు పెద్దమ్మా?" అని అడిగాడు మదార్ సాబ్.

"నన్ను తీస్కపోయి సోమమ్మను ఇడిసిపెట్టమని."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. ఆమెకు విసుగొచ్చింది.

"ఏం, అందరికి చెవుడొచ్చిందా? డెబ్బై ఎనిమిదేండ్లు నాకు. నేనుండి ఏం చేస్త? గామె పోతే గీ ఇల్లేమైతది, గొర్లేమైతయ్? అందుకే నా పాణం తీస్కో తల్లీ, దాన్ని లేపు, నా దినాలకు నల్లమొకం పొట్టేలును నీకు కోస్తరు మావోళ్లు అని మాటిచ్చిన. నేనింక పోనేలేదు, మీరు దాన్ని ఇయ్యాల్నే కోస్తమంటిరి. జర ఆగుండ్రి అంటే ఇంటిరా?"

"మరి దవాఖానకెందుకు రాలే?" అన్నాను.

"ఎట్లొస్త? మైసమ్మ నా కోసం మనిషిని తోలితే, నేను ఇంట్ల లేకపోతే ఎట్ల? రోజు పొద్దుగాల తానం జేసి, కొత్తచీర కట్టుకొని, సాప మీద పండుకున్న. తొమ్మిది రోజులు. ఎవ్వరు రాలే. నువ్వే వచ్చినవ్, ఆటో దిగి."

చుట్టాల్లో ఎవరో నవ్వి, వెంటనే ఆపేశారు. నాకు మాత్రం ముందు కోపమే వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది, కానీ కోపం ముందు వచ్చింది.

"నన్నడగకుంట నా కోసం సావనీకి నువ్వెవరత్తా? లేసి వచ్చినంక గీ మాట తెలిస్తే నేనెట్ల బతకాలె? నువ్వు పోతే నేను ఎవరితోని కొట్లాడాలె గా ఇంట్ల? నీ కొడుకుతోనా, నోట్లె మాట రాదాయనకు." అంటూనే ఏడ్చేశాను. ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. నలభై మంది చూస్తున్నారని కూడా గుర్తు లేదు. నేను చచ్చినా బతికినా ఒకటే అనుకున్న ఇంట్లో, నా కోసం ఒకామె కొత్తచీర కట్టుకొని చావు కోసం తొమ్మిది రోజులు ఎదురుచూసింది.

మదార్ సాబ్ మా అత్త భుజం మీద చెయ్యి వేశాడు. "పాణం మనం మొక్కేది కాదు పెద్దమ్మా. గది పైవాని సొమ్ము. నీది కానిది నువ్విస్తనంటే చెల్లది. మైసమ్మ గూడ తీసుకోలే గదా. ఫికర్ చెయ్యకు." తరవాత నా వైపు తిరిగాడు. "అన్ని తేలిపోయినయ్ సోమక్కా. పొయ్యి, ఇప్పుడు దులుపుతది."

చెంబు ముంచాను. చెయ్యి ఎత్తాను. పొట్టేలు వైపు చూస్తే నాకు మొక్కు కనిపించలేదు, కందూరు కనిపించలేదు. మా అత్త దినాలు కనిపించాయి. ఆ పొట్టేలు తెగే రోజంటే మా అత్త లేని రోజు. నీళ్లు నేల మీద పారబోశాను.

"కొయ్యొద్దు సాబ్. సైదులూ, నీకు ఒకటికి రెండు యాటలు తెస్త, నా మీద కోపం జెయ్యకు. గిది ఇంటికి పోతది." మెడ తాడు విప్పుతూ మా తమ్ముణ్ని పిలిచాను. "ఐలేశం, నా సంచి దించురా. ఆటోల పొట్టేలుకు జాగా గావాలె."

తాడు జారిపోగానే పొట్టేలు నాలుగడుగులు నడిచి, కాళ్లు ఎడంగా పెట్టి, మెడ నుంచి తోక దాకా ఒళ్లు దులిపింది. ఎంత గట్టిగా దులిపిందంటే పొద్దుటినుంచి పోసిన పసుపు నీళ్లన్నీ మా మీదే పడ్డాయి. మదార్ సాబ్ గడ్డం పచ్చబడింది. మా ఆయన తెల్లచొక్కా పచ్చబడింది. పొయ్యి దగ్గరి నుంచి భిక్షపతి గంగాళం పట్టుకొని పరుగెత్తుకొచ్చాడు.

"దులిపింది" అన్నాడు మదార్ సాబ్, అలవాటు కొద్దీ కత్తి కోసం చెయ్యి చాపుతూ.

"ఏం దులిపింది సాబ్?" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. మా అత్తను చూశాడు. రుమాలు తీసి గడ్డం తుడుచుకున్నాడు.

"ఏం లేదు. కండ్లల్ల ఏందో పడ్డది నాకు."

"నేను జూడలే" అన్నాడు మా ఆయన, మీసాల నుంచి నీళ్లు కారుతుండగానే. ఎల్లేష్ చూడలేదన్నాడు. స్వర్ణ చూడలేదంది. బట్టల నిండా పసుపు చుక్కలతో ఉన్న నలభై మంది చుట్టాలు, ముక్క లేని షోర్వా వైపు ఒకసారి దిగులుగా చూసి, మేం గూడ జూడలే అన్నారు.

మా అత్త ఒక్కతే నేల మీద కూలబడి తల అడ్డంగా ఊపుతోంది.

"నేను జూసిన. మంచిగ దులిపింది. నా కోసం దేవుని పని ఆపొద్దు, కొయ్యుండ్రి."

"నీ సాక్ష్యం చెల్లది అత్తా."

"ఎందుకు చెల్లది?"

"నువ్వు మైసమ్మకిచ్చిన మాట ప్రకారం నువ్వు చవితి వెళ్లినంకనే సచ్చిపోయి ఉండాలె. సచ్చిపోయినోళ్లు చెప్పేది ఎవరింటరు? లెవ్వు, వచ్చి అన్నం తిను."

ఆమె నా వైపు చెయ్యి చాపి, మోకాళ్లు పట్టుకున్నయ్, లేపు అంది. లేపాను. అన్నం దగ్గరికి పోయేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు, నేనూ విడిపించుకోలేదు.